ఏటి ఒడ్డు పదకొండు చెట్లు

కంచె గేటు బార్లా తెరిచి ఉంది. లోపల ముప్పై గొర్రెలు.

మారెడ్ కేకలేస్తూ పరిగెత్తింది. వాటిని బయటికి తోలేసరికి రెండేళ్ళ కష్టం మోళ్ళయి మిగిలింది. మోకాలెత్తు ఓక్ మొక్కల్లో ఒక్కదానికీ చిగురు లేదు.

ఏటి ఒడ్డున కర్ర పట్టుకుని ఆ ముసలాయన నిలబడి ఉన్నాడు.

రోజూ వస్తాడు. పాత ఓక్ చెట్లు పదకొండింటి దగ్గరికీ వెళ్ళి, ఒక్కో మాను మీదా చెయ్యి వేసి, ఆయాసపడుతూ తిరిగి వెళ్ళిపోతాడు. పేరు ఇద్వాల్ అని తప్ప మారెడ్‌కి ఇంకేమీ తెలియదు.

"గేటెందుకు వెయ్యలేదు పెద్దాయనా?"

"నేనొచ్చేసరికే తీసుందమ్మాయ్. తోలుదామనే చూశా. నా కాళ్ళకి అవి దొరుకుతాయా?"

"మీరు తప్ప ఇటు ఎవరొస్తారండీ?"

ముసలాయన కర్ర ఊతంగా పాత చెట్ల వైపు తిరిగాడు.

ఆ వేల్స్ లోయంతా ఒకప్పుడు ఓక్ అడవే. అరవయ్యేళ్ళ కిందట, కలప కోసం స్ప్రూస్ చెట్లు వేయాలని, అప్పటి అధికారులు ఓక్ మానులకు గాట్లు పెట్టించి విషం పోయించారు. అడవి నిలువునా ఎండిపోయింది. ఇప్పుడు ఆ స్ప్రూస్ తీయించి, పాత అడవిని మళ్ళీ లేపడం మారెడ్ ఉద్యోగం. విత్తనానికి మిగిలినవి ఈ పదకొండే.

"బండల చాటున ఉన్నాయిగా, చూడక వదిలేసుంటారు" అనేవాడు ఆమె కింద పనిచేసే గెథిన్.

"రేపట్నించి మీరు కంచె లోపల అడుగు పెట్టొద్దు" అంది మారెడ్ ముసలాయనతో.

"ఆ చెట్ల దాకా అయినా?"

"ఏ చెట్టు దాకానూ వద్దు."

"సరేనమ్మా."

సన్నటి వానలో మెల్లగా నడిచాడు. వెళుతూ వెళుతూ గేటు మూసి, గొలుసు తగిలించి, లాగి చూసి మరీ వెళ్ళాడు.

మళ్ళీ రాలేదు.

పదిరోజులు గడిచాక గెథిన్ టీ కప్పు పట్టుకుని ఆమె చుట్టూ తచ్చాడాడు.

"తిట్టనంటే ఒకటి చెప్తా అక్కా. ఆవేళ తెల్లారగట్ల దుంగల ట్రాక్టరు తీసుకెళ్ళింది నేనే. గేటు వేసిన గుర్తు లేదు."

"ఇన్నాళ్ళా చెప్పడానికి?"

"నింద ఆయన మీదికి పోయిందిగా... నోరు రాలేదు."

మారెడ్ ఆ సాయంత్రమే ఊళ్ళోకి వెళ్ళింది. క్షమాపణ ఎలా మొదలెట్టాలో దారంతా కూడబలుక్కుంది.

నల్లబట్టల్లో ఉన్న నడివయసావిడ తలుపు తీసింది.

"ఇద్వాల్ గారు..."

"నాన్నని నిన్ననే మట్టి చేశామండీ. మీరెవరు?"

"అడవి పని... చూస్తాను."

"అయ్యో, లోపలికి రండి. ఈ మధ్య అటు రాలేదని వచ్చారా? వెళ్ళవేం నాన్నా అంటే, కాళ్ళు లాగుతున్నాయన్నాడు. కిటికీ దగ్గరే కూర్చునేవాడు."

తనని వెళ్ళగొట్టారని ఆయన ఇంట్లో చెప్పనే లేదు. మారెడ్ గడప దాటలేకపోయింది.

"ఆ చెట్లంటే ఆయనకెందుకంత..."

"మీకు చెప్పలేదా? ఇరవయ్యేళ్ళప్పుడు అక్కడే కూలి. ఆ పన్లోంచి గెంటేశారు."

"ఎందుకు?"

"విషం పొయ్యమంటే, ఏటి ఒడ్డు పదకొండింటికీ డబ్బాలో నీళ్ళు నింపి పోశాడండీ."