సగం ముక్క

"బాబూ, అందులో సగం నాకు పెడతావా?"

కేకు ముక్క నోటిదాకా తీసుకెళ్ళిన టైలరు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బేకరీలో ఎదురు బల్ల మీద ఎవరో ముసలాయన. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. అడుక్కునేవాడిలా లేడు.

"కొనుక్కోవచ్చుగా పెద్దాయనా?"

"మొత్తం తినలేను బాబూ. సగమైతే చాలు."

మొహమాటం కొద్దీ తుంచి ఇచ్చాడు. ముసలాయన దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

టైలరుకి షుగరు వచ్చి ఆరేళ్ళయింది. భార్య ఇంట్లో పంచదార డబ్బా అన్నదే లేకుండా చేసింది. అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి నాలుక పీకేది. కత్తెర మీద చెయ్యి నిలిచేది కాదు. దారం తెస్తానని చెప్పి, మిషను ఆపి ఇక్కడికి వచ్చేవాడు.

మర్నాడూ ముసలాయన అక్కడే ఉన్నాడు. ఆ మర్నాడూ ఉన్నాడు.

నెల తిరిగేసరికి సగం కాస్తా ముప్పాతికైంది.

'ఎక్కడ దొరికాడురా నా ప్రాణానికి' అని లోపల గొణుక్కునేవాడే గానీ, వయసు చూసి కాదనలేకపోయేవాడు.

రానురాను మిగిలిన పావు ముక్కతోనే నాలుక ఊరుకోవడం నేర్చుకుంది.

మూడు నెలలకి రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు, "ఏం చేస్తున్నారో గానీ అదే చేస్తూ ఉండండి" అన్నాడు.

తను పెట్టించిన పథ్యం వల్లేనని భార్య మురిసిపోయింది. టైలరూ అలాగే అనుకున్నాడు.

ఒకరోజు ముసలాయన, "ఇవాళ మొత్తం నాకిచ్చెయ్ బాబూ" అన్నాడు.

ఆ రోజు కోటు బిగుతుగా కుట్టాడని ఓ కస్టమరు నానా మాటలూ అని వెళ్ళాడు. టైలరుకి ఒళ్ళు మండింది.

"సిగ్గుగా లేదూ? కాటికి కాళ్ళు చాపుకుని ఈ తిండి యావేంటి మీకు?"

బేకరీలో అందరూ తల తిప్పి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆయన చూపు టైలరు చెప్పుల మీద కాసేపు ఆగింది.

"ఎడమకాలు ఈడుస్తున్నావు బాబూ. ఓసారి చూపించుకో."

అంతే అన్నాడు. మళ్ళీ ఆ బేకరీకి రాలేదు.

పీడ వదిలిందనుకున్నాడు టైలరు. పంతం కొద్దీ ఆ రోజు రెండు ముక్కలు తిన్నాడు. తర్వాత రెండే అలవాటయ్యాయి.

అరికాల్లో సూది గుచ్చుకుని విరిగితే అతనికి తెలియనే లేదు. నేల మీద రక్తపు అడుగులు చూసి భార్య కేక వేసింది.

గాయం మానలేదు. వేలు నల్లబడితే వేలు తీశారు. తర్వాత పాదం. ఆ తర్వాత మోకాలి కిందిదాకా.

కుట్లు మానాక, ఆస్పత్రి వెనక కృత్రిమ కాళ్ళు చేసే గదికి తీసుకెళ్ళింది భార్య. అలమరాల నిండా పాదాలు, మోకాళ్ళు. గది నిండా అచ్చులు పోసే సున్నం వాసన.

పనివాడు టేపు తీసి, తీసెయ్యగా మిగిలిన కాలికి చుట్టి కొలత రాసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఊరందరి కొలతలూ తీసిన టైలరు తల పక్కకి తిప్పుకున్నాడు.

గోడ మీద బేకరీ ముసలాయన ఫొటో.

టైలరు దానికేసి వేలు చూపించాడు.

"ఈయనకీ... కాలు తీసేశారా?"

"లేదండీ, ఆయన మా మేస్త్రి. పోయి రెండు నెలలైంది."

పనివాడు టేపు చుట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"ముప్పై ఏళ్ళు ఈ గదిలో కాళ్ళు చేసి చేసి విసిగిపోయారండీ, అందుకే రిటైరయ్యాక నడక చూసి షుగరు మనుషుల్ని పోల్చుకుని, ఇంకొకరు ఇక్కడికి రాకూడదని వాళ్ళ చేతిలో తీపి అడిగి తెచ్చి, ఆ చెత్తబుట్టలో పడేసేవారు."