పద్నాలుగు బొట్లు

మునిప్రసాద్ దుప్పటి మడతపెట్టిన తీరు చూసి లోకేశ్వరికి మొదటి అనుమానం వచ్చింది.

నాలుగు మూలలూ కలిపి, అరచేత్తో ఒక్కసారి రుద్ది, అట్టముక్కలా చేసి మంచం మీద పెట్టాడు. పెళ్ళైన కొత్తలో ఒళ్ళు తుడుచుకున్న తువ్వాలు ఎక్కడ పడేశాడో తనకే తెలిసేది కాదు. అలాంటి మనిషికి తొమ్మిది నెలలు ఓడలో ఉండి వచ్చేసరికి ఇంత పొందిక ఎక్కడిది?

"ఎవురు నేర్పించినారు బావా?"

"ఓడలో అందరూ అంతే మే," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అనుమానం పెనుభూతం అంటారు. చిత్తూరులో ఆ ఇంట్లో అది దుప్పటి మడతల్లోంచి లేచింది.

నిజానికి అంతవరకూ లోకేశ్వరికి మొగుడంటే మహా గర్వం. మూడువేలమంది టూరిస్టులను ఎక్కించుకుని దేశదేశాలు తిప్పే ఓడలో ఉద్యోగం. ఏం పని అని అడిగితే "హౌస్‌కీపింగ్" అన్నాడు. ఓడ రేవులో ఆగిన రోజు దిగి ఊరు చూడవచ్చునట. ఆగిన ప్రతి ఊరినుంచీ వాట్సాప్‌లో ఆ ఊరి ఫోటో ఒకటి వచ్చేది. లోకేశ్వరి బస్టాండు దగ్గర ప్రపంచపటం కొనుక్కొచ్చి హాల్లో గోడకు మేకులు కొట్టి తగిలించింది. ఫోటో వచ్చినప్పుడల్లా ఆ ఊరిమీద ఒక స్టిక్కరు బొట్టు అతికించేది. మొత్తం పద్నాలుగు.

"ఈడ బొట్టు పెట్టినానంటే, ఆడ మా బావ కాలు పెట్టినట్టే," అని వచ్చినవాళ్ళందరికీ కాఫీ కంటే ముందు ఆ పటమే చూపించేది.

ఇప్పుడు ఆ పటం వైపు చూడబుద్ధి కావడం లేదు. సముద్రం మీద ఎండకు నల్లబడి రావలసిన మనిషి పాలిపోయి తెల్లగా వచ్చాడు. ఏ క్రీములు పూసుకుంటున్నాడు? ఎవరికోసం? చెయ్యి పట్టుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కుంటున్నాడు. ఒకసారి చూసింది, వేళ్ళ చివర తోలు లేచిపోయి ఉంది. అడిగితే ఉప్పుగాలి అన్నాడు.

"నేపుల్స్‌లో ఏం తింటివి బావా?"

"ఏందో తింటి."

"ఊరెట్లుండాది?"

"ఫోటోలో ఉండేట్టే ఉండాది."

ఊరగాయ జాడీ గురించి అరగంట చెప్పగలిగే మనిషి, పద్నాలుగు ఊళ్ళ గురించి పద్నాలుగు మాటలు చెప్పడం లేదు.

లోకేశ్వరి అన్న ఢిల్లీబాబుది సెల్‌ఫోన్ల షాపు. ఇంటికొచ్చి చెల్లెలి మొహం చూసి, ఆమె ఫోన్ తీసుకుని ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాడు. మూడోదాని దగ్గర ఆగాడు.

"ఏమప్పా ప్రసాదూ, ఈ ఫోటోలు నువ్వే కదా తీసింది?"

"నేనే."

"మరి నీకు గౌనూ, జడా యాడివి?"

ఫోటో కింది అంచున, రాళ్ళు పరిచిన వీధి మీద, తీసిన మనిషి నీడ పడి ఉంది. గాలికి ఎగిరే గౌను, భుజం మీద జడ. ఐదో ఫోటోలోనూ అదే నీడ. పదకొండోదాంట్లోనూ అదే.

మునిప్రసాద్ ఫోన్ పక్కకు నెట్టాడు. "ఓడలో పనిచేసే పిల్ల. మారిసా అని."

"పేరు బాగుండాది," అంది లోకేశ్వరి. ఆ రాత్రి తన చాప హాల్లో పరుచుకుంది.

సోమవారం అతను మళ్ళీ ఓడెక్కాలి. శనివారం ఆమె తేల్చేసింది.

"రేపు కాణిపాకం పోదాం. సామి ముందర ప్రమాణం చెయ్యి. చేస్తే సంసారం. చెయ్యకపోతే నేను మా యన్నతోనే ఆడినుంచి ఆడికే పోతా."

చిత్తూరు జిల్లాలో కోర్టుబోనులో అబద్ధం చెప్పినవాళ్ళు ఉన్నారు గానీ, కాణిపాకం వినాయకుడి ముందు చెప్పడానికి మాత్రం ఎంతటి వాడికైనా గుండె జారుతుంది.

ఆదివారం పొద్దున మునిప్రసాద్ తలమీదుగా నీళ్ళు పోసుకుని తడిబట్టలతో సామి ఎదుట నిలబడ్డాడు. లోకేశ్వరి చేతులు జోడించుకుని పక్కన నిలబడింది. అతను తడబడకుండా చెప్పెయ్యాలని, తన అనుమానమే తప్పు కావాలని, ఆమె ఎంత మొక్కుకుందో ఆ సామికే తెలియాలి.

"లోకేశ్వరిని తప్ప ఇంకో ఆడదాన్ని నేను తాకి ఎరగను. సామి సాక్షి."

గొంతు వణకలేదు. లోకేశ్వరి కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

వెంట వచ్చిన ఢిల్లీబాబు వదల్లేదు. "ఇంకొక్క మాట. ఆ ఊర్లన్నీ నేను ఒక్కణ్ణే తిరిగినాను అని చెప్పు."

మునిప్రసాద్ నోరు తెరిచాడు. "ఆ ఊర్లన్నీ నేను..."

అక్కడ ఆగిపోయాడు. ఇంకోసారి మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయాడు. వెనక వరసలో జనం గుసగుసలు మొదలుపెట్టారు.

"సూస్తివా మే!" అన్నాడు ఢిల్లీబాబు. "సామి నోరు కట్టేసినాడు!"

లోకేశ్వరి మొగుడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒక్కడివే తిరగలేదు కదా? ఆ పిల్లతోనే తిరిగినావు కదా? సామి సూస్తా ఉండాడు, నిజం చెప్పు బావా."

మునిప్రసాద్ తోలు లేచిన రెండు చేతులూ జోడించాడు.

"ఆ పిల్ల గుడ్డలు ఇస్త్రీ చేసిచ్చి ఫోటోలు అడుక్కుంటి లోకా, తొమ్మిది నెలలూ ఓడ అడుగున దుప్పట్లు ఉతకతా ఉండినోణ్ణి, నువ్వు బొట్టు పెట్టిన పద్నాలుగు ఊర్లలో ఒక్క ఊర్లో కూడా నేను కాలు పెట్టలేదు."