రీడా చెప్పిన మూడు పేర్లు

కార్యక్రమం మూడింటికి. షాన్‌బర్ ఒంటిగంటకే కోటు వేసుకుని కూర్చున్నాడు.

"మన పెళ్ళినాడు కూడా నువ్వింత తొందరపడలేదు," అంది భార్య బన్రీ.

"ఇవాళ స్టేజీ మీద నా పేరు వినబడుతుంది. చూస్తూండు."

అత్తగారు వక్క బుగ్గలోకి తోసుకుని నవ్వింది. ఆ ఇల్లు ఆవిడది. ఆవిడ తర్వాత చిన్న కూతురు బన్రీది. పిల్లలకి వచ్చేదీ తల్లి ఇంటిపేరే. షిల్లాంగ్‌లో వాళ్ళ తెగ ఆచారం ప్రకారం మగవాడి పేరు మగవాడితోనే పోతుంది. షాన్‌బర్‌కి దాని మీద ఫిర్యాదు లేదు. తన గిటారు వాయింపు ఇంకొకరి చేతిలో బతికి ఉందని, అది తనదని నలుగురూ ఒక్కసారి అంటే చాలు. అంతకుమించి అతనేమీ కోరలేదు.

ఆ చెయ్యి రీడాది.

పదిహేడేళ్ళ క్రితం గిటారు నేర్చుకుంటానని ఆ పిల్ల మొదటిసారి వచ్చినప్పుడు షాన్‌బర్ తాను కట్టిన పాటొకటి వాయించి చూపించాడు. రీడా మొహం చిట్లించింది. అన్న వరస పెట్టి అతన్ని 'బా' అనేది.

"మనూరి వాళ్ళది ఎవరిక్కావాలి బా? అసలైనవాళ్ళది నేర్పు. అమెరికా వాళ్ళది."

పొరుగింటి పుల్లకూర రుచి. అంతకుముందు నలుగురు శిష్యులు ఇదే మాట అని మానేశారు. షాన్‌బర్ వాదించలేదు. రెండు వారాల తర్వాత మూడు క్యాసెట్లు ఆమె చేతిలో పెట్టాడు. వాటి మీద బొమ్మల్లేవు, పెన్నుతో రాసిన పేర్లే. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరి దగ్గరున్నా అలాంటివే. ఎవరో కలకత్తా నుంచి తెస్తారు, దాన్నుంచి ఇంకొకరు ఎక్కించుకుంటారు, ఆ ఇంకొకరి నుంచి మరొకరు.

రీడా టేపు అరిగేదాకా వింది. ముక్క వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ పట్టడం. తప్పు పోతే షాన్‌బర్ ఆమె వేలు పట్టుకుని సరైన మెట్టు మీద పెట్టేవాడు. అలా ఆరేళ్ళు.

"నువ్వూ వాళ్ళని అచ్చం దించేశావు బా," అని మెచ్చుకునేది. అతను తల వంచుకుని శ్రుతి సరిచేసుకునేవాడు.

ఇప్పుడామె లండన్‌లో వాయించి వచ్చింది. సొంత ఊళ్ళో ఇదే మొదటి కచేరీ.

హాలు కిక్కిరిసింది. షాన్‌బర్, బన్రీ, అత్తగారు రెండో వరసలో కూర్చున్నారు. మూడో పాటలో రీడా ఒక తీగని పైకి లాగి, అది ఏడ్చేదాకా అక్కడే పట్టి ఉంచింది. షాన్‌బర్ కళ్ళు చెమ్మగిల్లాయి. భార్యని మోచేత్తో పొడిచాడు.

పాట అయ్యాక వ్యాఖ్యాత మైకు అందించి, అక్కడి మర్యాద ప్రకారం అక్క వరస పెట్టి పిలిచాడు. "కాంగ్ రీడా, ఈ వాయింపు మీకు ఎవరి నుంచి వచ్చింది?"

షాన్‌బర్ కోటు గుండీ పెట్టుకున్నాడు. పిలిస్తే లేచి నిలబడాలి కదా.

"నాకు ముగ్గురు గురువులు," అంది రీడా. "లెరాయ్ టిమ్స్, బడ్ హాల్‌క్రాఫ్ట్, డెన్నీ వార్లో. తీగని ఏడిపించడం టిమ్స్ దగ్గర నేర్చుకున్నా. పాటలో ఎక్కడ వాయించకుండా ఆగాలో హాల్‌క్రాఫ్ట్ చెప్పాడు. ఇక వార్లో సంగతంటారా, మన రేకుల మీద వాన చప్పుడు ఆ అమెరికా ఆయన వేళ్ళలోకి ఎలా దూరిందో నాకిప్పటికీ తెలీదు! వాళ్ళు లేకపోతే నేను లేను."

అంతే. మైకు తిరిగి ఇచ్చేసింది. హాలంతా చప్పట్లు.

షాన్‌బర్ గుండీ విప్పుకున్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసింది. ఆరేళ్ళు వేలు పట్టుకుని నడిపించినవాడికి ఒక్క మాట దక్కలేదు. ఇంత ద్రోహం తనకి ఎవరూ చెయ్యలేదనుకున్నాడు. ఆ మూడు పేర్లూ చెవుల్లో సీసం పోసినట్టున్నాయి.

అత్తగారు పక్కకి ఒరిగింది. "ముగ్గురైపోయారు. నీ పేరు నాలుగోదా అల్లుడూ, నలభయ్యోదా?"

"ఊరుకో అమ్మా," అంది బన్రీ.

కచేరీ ముగిశాక బయట టీ కొట్టు దగ్గర రీడా జనాన్ని తప్పించుకుని నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"బా! వచ్చావా! ఎలా వాయించాను?"

"నన్నెందుకు అడగడం? నీ ముగ్గురు గురువులున్నారుగా, వాళ్ళనడుగు."

వెటకారం ఆమెకి తగల్లేదు. మొహం వెలిగిపోయింది.

"అందుకే వెళ్తున్నా! వచ్చే నెల అమెరికాలో కచేరీలున్నాయి. వాళ్ళలో ఎవరు బతికున్నా సరే, ఇంటికెళ్ళి చెయ్యి పట్టుకుని ఒక్కసారి ఏడవాలి. కానీ బా, ఎన్ని కొట్లలో అడిగినా ఒక్కరి రికార్డూ లేదు. కంప్యూటర్లో వెతికించినా పేరే రాలేదు. వాళ్ళదే ఊరు? క్యాసెట్లు ఇచ్చింది నువ్వేగా, నీకు తెలిసే ఉంటుంది."

అత్తగారు కప్పు పట్టుకుని పక్కనే నిలబడి వింటోంది. షాన్‌బర్ రీడా కళ్ళల్లోకి చూశాడు. పదిహేడేళ్ళ నమ్మకం ఆ కళ్ళల్లో చెక్కుచెదరకుండా ఉంది.

"వెతక్కు రీడా," అన్నాడు చివరికి. "ముగ్గురూ పోయారు."

రీడా కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఒక్కరైనా మిగల్లేదా బా?"

పదిహేడేళ్ళ క్రితం, మనూరి వాళ్ళది వద్దని ఆమె వెళ్ళిపోయిన సాయంత్రం మొదలుపెట్టి, షాన్‌బర్ తలుపు గడియ పెట్టుకుని తన పాటలే మూడు క్యాసెట్లలోకి వాయించి, వాటి మీద నోటికొచ్చిన మూడు అమెరికా పేర్లు రాశాడు.