బొటనవేలి కింద

చిలకలగూడలోని ఆ ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాల్ యుగంధర్ ఇంగ్లిష్‌లో ఏం మాట్లాడాలన్నా, ముందు డోరా టీచర్‌కు చదివి వినిపించి తప్పులు దిద్దించుకుంటాడు. ఇవాళ కూడా ప్రార్థనకు ముందు స్టేజీ పక్కన కాగితం తీశాడు.

“‘ద స్టాఫ్ ఈజ్ హ్యాపీ.’ ఈజా, ఆరా మేడమ్?”

“స్టాఫ్ అంతా ఒక్క మాట మీదుంటే ఈజ్ సార్. తలో మాట అంటే ఆర్.”

“అయితే ఈజే. నిన్న మీటింగ్‌ల అందరినీ అడిగిన. ఒక్కరు సుత కాదనలే.”

“నన్ను మీటింగ్‌కే పిలవలేదు కదా!”

“మీకెందుకు తక్లీఫ్ అని పిలవలే. మీరు జెర ఇంగ్లిష్ చూడుండ్రి, చాలు.”

వాక్యం అక్కడితో అయిపోలేదు. మిగతా సగం మీద అతని బొటనవేలు ఉంది.

“వేలు తీయండి సార్.”

యుగంధర్ తీయలేదు. డోరా కాగితం లాక్కుంది. తన ఇష్టంతోనే ఉద్యోగం మానేస్తున్న డోరా టీచర్‌కు వీడ్కోలు చెప్పడానికి, అని ఉందక్కడ. మానేస్తానని డోరా ఎవరితోనూ అనలేదు.

పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. డోరా కాగితంతో సహా మైకు వైపు నడిచింది.

“మేడమ్, ఏం చేస్తున్నరు?”

“రోజూ చేసేదే సార్. తప్పు దిద్దుతున్నా. ఇవాళ మైకులో.”