రన్‌వే మీద డబ్బా చప్పుడు

ఉద్దానంలో జీడితోటని విమానాశ్రయానికి ఇచ్చేసి, ఆ నేలకే రాత్రి కాపలాకి చేరాడు దాలినాయుడు. ఆ రాత్రి చదునుచేసిన రన్‌వే నడిమధ్య ఎవరో డబ్బా కొడుతున్నారు.

“తోటే లేదు గదా బావా, డబ్బా కొట్టి ఎలుగుబంట్లని తోలతన్నదెవులు? కాంట్రాక్టరా?” అని నవ్వాడు తోటి కాపలా పెంటయ్య.

దాలినాయుడు నవ్వలేదు. రెండు దెబ్బలు కొట్టి, ఆగి, ఇంకొకటి కొట్టడం చచ్చిపోయిన అయ్య తీరు. “నాను పోయినాక ఇచ్చుకోరా” అని అయ్య బతిమాలినా వినకుండా సంతకం పెట్టాడు. చెట్లు కొట్టేసిన నెలకే అయ్య పోయాడు.

తోటకాపలాలో ఒకరు కొడితే రెండోవాడు బదులు కొట్టాలి. కొట్టకపోతే, కొడుక్కేమయిందోనని అయ్య వెతుక్కుంటూ వచ్చేసేవాడు.

“బదులియ్యి బావా,” అని పెంటయ్య నూనెడబ్బా అందించాడు. ఏ మొహంతో కొడతాడు?

చప్పుడు ఆగిపోయింది. కంకర మీద అడుగులు ఇటే వస్తున్నాయి.