కుయ్యిమన్న చోట

ఆ పొద్దున చోడవరం మీద ఆకాశం కురవదు, వెలవదు. ముఖం మాడ్చుకుని కూర్చుంది. దాని కింద, తన పెరట్లో, బంగార్రాజు నందివర్ధనం చెట్టుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

“ఇటొద్దు బాబూ. ఇక్కడేటీ లేదు.”

“లేదని మిషన్ చెప్పాలి గానీ మీరు చెప్తే ఎలాగ మామయ్యా?” అన్నాడు అల్లుడు దిలీప్.

గాజువాకలో వెల్డింగ్ పని చేసే దిలీప్ ఆన్‌లైన్లో మెటల్ డిటెక్టర్ తెప్పించాడు. అత్తవారి పెరట్లో పాతకాలం వెండి రూపాయలున్నాయని అతని చెవిలో వేసింది అత్తగారు అచ్చియ్యమ్మే. పొద్దుట్నించి తవ్వితే దొరికినవి ఒక విరిగిన కొడవలి, మూడు సోడా మూతలు, ఒక సైకిల్ బెల్లు. ఇక మిగిలింది నందివర్ధనం మొదలే. అక్కడ బంగార్రాజు తన చేత్తో పాతిందొకటి ఉంది. అది వెండే అయితే ఆయనకంత చెమట పట్టేది కాదు.

“తప్పుకోండెహె! అల్లుడు అంత దూరం నుంచొస్తే సెట్టుకి కాపలా కాస్తన్నారు! మీ అమ్మ దాసింది మీరు తినరు, ఒకర్ని తిన్నివ్వరు, రేపు పందికొక్కులు తవ్వుకుపోతే అప్పుడు సూసుకుందురు గాని…”

అచ్చియ్యమ్మ మొదలెట్టిందంటే మధ్యలో ఈగ దూరే సందు కూడా ఉండదు. పైగా అల్లుడి మాట కాదనడం ఆ ఇంట్లో లేదు. బంగార్రాజు చేతులు దించాడు.

మిషన్ కుయ్యిమంది. దిలీప్ గునపం వేశాడు. మూరెడు లోతులో బయటపడింది వెండి కాదు. రాగి తాయెత్తు. దాని చుట్టూ తుప్పు పట్టిన నాలుగు మేకులు.

“సిల్లంగి!” అచ్చియ్యమ్మ గుండె బాదుకుంది. “నా ఇంటికి సేతబడి సేసేరు బాబోయ్!” ఆ ఊపున గోడ దగ్గరికి వెళ్లింది. “ఒసే నరసమ్మా! రాయే బయటికి!”

పక్కింటి నరసమ్మ గోడ మీంచి తల పెట్టింది. “ఏటే, ఏటి గోల?”

“మా ఆనప్పాదు ఎందుకెండిపోయిందో ఇప్పుడు తెలిసింది!”

“నీళ్లు పోస్తే ఎండదే. ఆ పోసే టైములో నువ్వు కబుర్లాడతావు.”

“మా ఆయనకి కీళ్లనొప్పులు! మా గేదె ఒట్టిపోయింది! అన్నీ నీ పనే! వీధిలో పంచాయితీ ఎట్టిస్తాను. సిల్లంగిదానివని నీ సేతి మంచినీళ్లు ఎవుడూ ముట్టకుండా సేస్తాను!”

నరసమ్మ ముఖంలో నవ్వు పోయింది. ఆ పేరు ఒకసారి పడితే మరి చెరగదు. వీధి వైపు చూసింది. వీధిలో వెళ్తున్న ముగ్గురు అప్పుడే ఆగారు.

బంగార్రాజు ఆవిడ ముఖం చూశాడు.

“ఆవిడ కాదే. నేనే పాతేను.”

“మీరా? ఎప్పుడు?”

“మన పెళ్లైన రెండో ఏడు. సీడికాడ ఊరవతల ఒక గురువు దగ్గిర కట్టించేను.”

“దేనికి?”

ఆయన నేల చూశాడు. దిలీప్ మిషన్ ఆపేశాడు. నరసమ్మ గోడ మీదికి ఇంకాస్త ఎక్కింది.

“నీ నోరు కట్టడానికి.”

ముందు నరసమ్మ నవ్వింది. తర్వాత వీధిలో ముగ్గురూ నవ్వారు. దిలీప్ అటు తిరిగి దగ్గాడు. అచ్చియ్యమ్మ ఏదో అనబోయింది. అనలేదు. లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అల్లుడొచ్చాడని కోడికూర వండింది. ఉప్పు చాలిందా అని అడగలేదు. మారు వేయించుకోమని అల్లుణ్ణి బతిమాలలేదు. కోడి ఎంత పలికిందో చెప్పలేదు. తనూ కంచం పెట్టుకుని కూర్చుంది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. ఆ ఇంట్లో గోడ గడియారానికి చప్పుడుందని బంగార్రాజుకి ఆ రోజే తెలిసింది.

అచ్చియ్యమ్మ కంచాలు తీసుకుని దొడ్లోకి వెళ్లింది. బంగార్రాజు అల్లుడి చెవి దగ్గరికి వంగాడు.

“బాబూ, దాన్ని ఎక్కడ తీసేవో అక్కడే పాతెయ్. అది మట్టిలో ఉన్నన్నాళ్లూ మీ అత్త బాగానే మాటాడింది.”