చెయ్యి ఊపే పని

ఇళ్లల్లో గోడలన్నీ తెరలైపోయాక, వాటికి నిద్ర నేర్పే పని మా ఆఫీసుకొచ్చింది. ఆ పనిలో వకుళను మించినవాళ్లను నేను చూడలేదు.

కరెంటు ఇంటికింతని కొలిచి ఇస్తారు. అందుకని ఎదుట కదలిక లేకపోతే రెండు నిమిషాల్లో గోడ నిద్రపోతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకేసి చెయ్యి ఊపడం అందరికీ అలవాటైపోయింది.

భీమిలి నుంచి ఫిర్యాదొస్తే వకుళతో నేనూ వెళ్లాను. పడవల ఇంజన్లు బాగుచేసే శరభయ్య ఆరు నెలలుగా పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. మాట తప్ప ఏదీ కదలదు. ఎదురుగా గోడ మీద రేవు కనిపిస్తోంది. భార్య మాణిక్యాంబ ఆయన కళ్లెదురుగా కూర్చుని బియ్యం ఏరుకుంటూనే రెండు నిమిషాలకోసారి చెయ్యి ఊపుతోంది.

"ఆరకుండా పెట్టుకోవచ్చు కదండీ" అన్నాను.

"పెడితే సాయంత్రానికి కరెంటు వాటా అయిపోయి ఆయన గాలిపరుపు మోటారు ఆగిపోతోంది బాబూ. ఒంటికి పుళ్లు పడతాయి."

నేనైతే రెండు నిమిషాలను పది చేసి వచ్చేసేవాణ్ణి. వకుళ అక్కడే కూర్చుని, బొమ్మను పట్టి ఉంచే పని గోడకే అప్పగించి, వెనక నుంచి బొమ్మలు పంపే యంత్రాన్ని నిద్రపుచ్చింది. రేవులో పడవ కదిలితేనే యంత్రం లేస్తుంది, బొమ్మ మార్చి మళ్లీ పడుకుంటుంది. తెర ఆరలేదు. కరెంటు మాత్రం పదో వంతు కూడా కాలలేదు. నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

వారం తర్వాత మాణిక్యాంబ ఫోన్ చేసింది.

"గోడ బంగారంలా ఉందమ్మా వకుళా. ఈయనకే ఏం తోచట్లేదు. చెయ్యి ఊపడం ఎందుకు మానేశావని రోజూ అడుగుతున్నాడు."